తర్వియా దినం నేర్పే నీటి పాఠం

జుల్‌హిజ్జా మాసం ఎనిమిదవ రోజును 'యౌముత్తర్వియా' అంటారు. హాజీలు ఇహ్రామ్ ధరించి మినాకు బయలుదేరే రోజది. ఆ పేరు ఎందుకు వచ్చిందో పండితులు వివరించారు. వారు చెప్పిన కారణాల్లో మిక్కిలి ప్రసిద్ధమైనది నీటికి సంబంధించినదే. పూర్వకాలంలో మినాలో గానీ, అరఫాత్‌లో గానీ చాలినంత నీరు దొరికేది కాదు. అందుచేత యాత్రికులు ఆనాడు తాము తృప్తిగా నీళ్లు తాగి, తమ ఒంటెలకు తాగించి, తోలుసంచులు నింపుకొని మరీ కదిలేవారు. 'తర్వియా' అనే మాటలో దాహం తీర్చడం, నీటిని సమకూర్చుకోవడం అనే అర్థాలు ఇమిడి ఉన్నాయి.

ఈ పేరును ఒక్క క్షణం ఆలోచించి చూడండి. మహత్తరమైన ఆరాధన ఆరంభమయ్యే రోజుకు నీళ్ల ఏర్పాటును బట్టి పేరు వచ్చింది. దాహం వేశాక నీళ్లు వెతుక్కోవడం కాదు, వేయకముందే సిద్ధం చేసుకోవడం అందులోని భావం. నేటి వైద్యశాస్త్రం ఎండలో నడిచేవారికి ఇచ్చే సలహా కూడా సరిగ్గా ఇదే. రానున్న కాలంలో హజ్‌కో, ఉమ్రాకో వెళ్లేవారు, తల్లిదండ్రులను పంపేవారు మన పాఠక కుటుంబాల్లో చాలామంది ఉంటారు. వారి కోసమే ఈ నెల ఈ శీర్షిక.

2024 చేసిన హెచ్చరిక

2024 జూన్‌లో జరిగిన హజ్‌కు 18 లక్షలకు పైగా యాత్రికులు హాజరయ్యారు. ఆ రోజుల్లో మక్కాలోని మస్జిదుల్ హరామ్ వద్ద ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. ఆ యాత్రలో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం మంది అనుమతి పత్రాలు లేకుండా వచ్చినవారనీ, నీడ గానీ విశ్రాంతి గానీ లేకుండా మండుటెండలో చాలా దూరాలు నడిచినవారనీ తెలిపింది. అనుమతి లేనివారికి చల్లని గుడారం ఉండదు, బస్సు ఉండదు. హజ్ కమిటీ ద్వారానో, అధికారిక సంస్థల ద్వారానో మాత్రమే వెళ్లాలని పెద్దలు పదేపదే చెప్పడానికి గల కారణాల్లో ప్రాణరక్షణ కూడా ఒకటి. మరుసటి సంవత్సరం, 2025లో, అరఫా దినాన ఉదయం 10 గంటల నుండి సాయంత్రం 4 గంటల వరకు గుడారాలు విడిచి బయటికి రావద్దని సౌదీ హజ్ మంత్రిత్వశాఖ యాత్రికులను కోరింది.

చాంద్రమాన సంవత్సరం సౌరమాన సంవత్సరం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది గనుక హజ్ ఏటేటా కొంచెం కొంచెంగా వేసవి నుండి వెనక్కి జరుగుతుంది. అయినా మే నెలలోని మక్కా ఎండ తేలికైనదేమీ కాదు. ఉమ్రా యాత్రికులైతే ఏడాది పొడవునా వెళుతూనే ఉంటారు.

కనిపించని చెమట

"మాకు ఎండ కొత్తా? రెంటచింతల ఎండలు చూశాం, రామగుండం ఎండలు చూశాం" అని మనవాళ్లు ధీమాగా అంటారు. అది కొంతవరకు నిజమే గాని, మక్కా ఎండకూ మన కోస్తా ఎండకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది.

మచిలీపట్నంలోనో నెల్లూరులోనో గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంటుంది. ఒంట్లోని నీరు పోతోందని కంటికే కనిపిస్తుంది. మక్కా గాలి చాలా పొడిగా ఉంటుంది. చెమట చర్మం మీదికి వచ్చిన మరుక్షణమే ఆవిరైపోతుంది. బట్ట తడవదు, నుదురు తడవదు. "నాకసలు చెమటే పట్టలేదు" అనుకుంటూ మనిషి గంటసేపు నడుస్తాడు. ఆ గంటలో అతని ఒంటి నుండి అర లీటరు నుండి లీటరు దాకా నీరు పోయి ఉంటుంది. నడక వేగాన్ని బట్టి, శరీర తత్త్వాన్ని బట్టి అది ఇంకా ఎక్కువే కావచ్చు.

చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. బయటి గాలి అంతకన్నా వేడిగా ఉన్నప్పుడు శరీరం తన వేడిని గాలికి వదలలేదు సరికదా, గాలిలోని వేడినే తాను గ్రహిస్తుంది. అప్పుడు శరీరానికి మిగిలే ఏకైక ఆధారం చెమట ఆవిరి కావడమే. ఆ చెమటకు ముడిసరుకు మన రక్తంలోని నీరు. నీరు తగ్గేకొద్దీ రక్త పరిమాణం తగ్గుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, తల తిరుగుతుంది, చెమట తయారీ మందగిస్తుంది, ఒంటి వేడి పెరుగుతుంది. వడదెబ్బకు దారి ఇదే.

60 కిలోల బరువున్న వ్యక్తి ఒంటి నుండి 1.2 లీటర్ల నీరు పోతే అది శరీర బరువులో 2 శాతం. ఆ స్థాయిలోనే నడక బరువెక్కుతుంది, చురుకుదనం తగ్గుతుంది. దాహం మాత్రం ఆలస్యంగా మేలుకుంటుంది. 60 ఏళ్లు దాటినవారిలో అది మరింత మందకొడిగా ఉంటుంది. మన ప్రాంతాల నుండి హజ్‌కు వెళ్లేవారిలో పెద్దవయసువారు గణనీయంగా ఉంటారు కాబట్టి "దాహం వేస్తే తాగుతాం" అనే సూత్రం వారికి చాలదు.

బయటికి చెప్పుకోని ఒక కారణం

యాత్రలో చాలామంది, ముఖ్యంగా స్త్రీలు, తెలిసి తెలిసి నీళ్లు తగ్గిస్తారు. కారణం మరుగుదొడ్డి. మినాలో, అరఫాత్‌లో వాటి ముందు పొడవైన వరుసలుంటాయి. మోకాళ్ల నొప్పులున్న తల్లి అంతసేపు నిలబడలేదు. పైగా వుజూ పోతుందనే బెంగ. మళ్లీ వుజూ కోసం మరో వరుస. ఈ బాధలన్నీ ఎందుకని ఆమె సీసా మూత తీయడమే మానేస్తుంది. అడిగితే "దాహం లేదు బేటా" అంటుంది. కొడుకు నమ్ముతాడు. రెండో రోజుకు ఆమె కళ్లు తిరిగి పడిపోతుంది.

ఈ విషయం ఇంటిలోనే, ప్రయాణానికి ముందే, మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. కొన్ని సంగతులు తెలిస్తే ఆ బెంగ చాలావరకు తగ్గుతుంది. అరఫాత్‌లో నిలవడానికి వుజూ షరతు కాదు. సఫా మర్వాల మధ్య సయీకి వుజూ ఉండటం ఉత్తమమే గాని, అది లేకపోతే సయీ చెల్లదని అత్యధిక పండితులు చెప్పలేదు. తవాఫ్‌కు మాత్రం వుజూ అవసరమని అత్యధికుల అభిప్రాయం. మధ్యలో వుజూ పోతే ఏం చేయాలో, మూత్రం ఆపుకోలేని సమస్య ఉన్నవారికి ఉన్న వెసులుబాటు ఏమిటో మీరు విశ్వసించే ఆలిమ్‌ను బయలుదేరక ముందే అడిగి తెలుసుకోండి. ధర్మం ఇచ్చిన సడలింపును తెలుసుకోవడం నామోషీ కాదు.

కుటుంబ సభ్యులు చేయగలిగింది కూడా ఉంది. గుడారానికి చేరగానే మరుగుదొడ్లు ఎక్కడున్నాయో చూసి రండి. నమాజు వేళకు అరగంట ముందో, తరువాతో రద్దీ తగ్గినప్పుడు పెద్దవారిని వెంటబెట్టుకొని తీసుకువెళ్లండి. వెళ్లి వచ్చిన వెంటనే ఒక గ్లాసు నీళ్లు చేతికివ్వండి. ఎదురుగా నిలబడి తాగించండి.

ఎంత, ఎప్పుడు, ఎలా?

ఎండలో నడిచేటప్పుడు ప్రతి 15-20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే 200 నుండి 250 మిల్లీలీటర్లు తాగడం మంచి కొలత. ఒకేసారి సీసా ఖాళీ చేయడం కన్నా కొద్దికొద్దిగా తాగిన నీరే ఒంటికి పడుతుంది. దైవప్రవక్త (స) నీళ్లను ఒకే గుక్కలో గాక మూడు శ్వాసలలో తాగేవారన్న సంగతి మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఎండలో ఆ సున్నతు మరింత ఆచరణీయం.

బయలుదేరే ముందు ఒకటి రెండు గ్లాసులు తాగండి. అర లీటరు సీసా ఒకటి భుజాన వేలాడే సంచిలో ఉండాలి, పెట్టెలో కాదు. దారిలో నీళ్లు కనిపించిన ప్రతిచోటా దాన్ని నింపుకోవాలి. సయీలో ఏడు నడకలు కలిపితే సుమారు 3 కిలోమీటర్లవుతుంది. తవాఫ్ పై అంతస్తుల్లో చేస్తే చుట్టు పెద్దదై దూరం ఇంకా పెరుగుతుంది. మినా గుడారం నుండి జమరాత్‌కు వెళ్లి రావడం బస ఎక్కడుందన్న దాన్ని బట్టి కొన్ని కిలోమీటర్లు ఉంటుంది. అది వరుసగా రెండు మూడు రోజుల నడక. మొదటి రోజు కోల్పోయిన నీటిని రాత్రి భర్తీ చేయకపోతే రెండో రోజు లోటుతోనే మొదలవుతుంది.

ఒంట్లో నీరు సరిపోయిందో లేదో చెప్పే సులువైన గుర్తు మూత్రం రంగు. లేత గడ్డి రంగులో ఉంటే సరే. ముదురు పసుపైనా, ఆరేడు గంటలపాటు మూత్రమే రాకపోయినా నీరు తక్కువైనట్టే. బి-విటమిన్ మాత్రలు వేసుకునేవారికి మాత్రం ఆ మాత్రల వల్లనే రంగు ముదురుతుంది.

టీ తాగేవారు భయపడనక్కరలేదు. అలవాటైన ఒకటి రెండు కప్పులు ఒంటిని ఎండగట్టవు. అయితే అవి నీటికి ప్రత్యామ్నాయం కావు. సీసాల్లోని తీపి శీతల పానీయాలు కూడా అంతే.

నీళ్లు మాత్రమే చాలవు

ఇక్కడ రెండో ప్రమాదాన్ని కూడా చెప్పాలి. చెమటతో నీరొక్కటే పోదు, ఉప్పు కూడా పోతుంది. గంటల తరబడి చెమటోడుస్తూ, ఏమీ తినకుండా, ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలుచబడుతుంది. తలనొప్పి, వికారం, అయోమయం, తీవ్రమైతే మూర్ఛలు కూడా వస్తాయి. అందుకే ఎంత వేడిలోనైనా గంటకు లీటరున్నరకు మించి తాగవద్దని నిపుణులు హెచ్చరిస్తారు. పూట భోజనం మానకపోవడమే ఉప్పును భర్తీ చేసుకునే సహజ మార్గం. కాస్త ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్లతో పాటు నాలుగు ఖర్జూరాలు, ఒక అరటిపండు మంచి తోడు. సౌదీ దుకాణాల్లో దొరికే 'లబన్' మన మజ్జిగ లాంటిదే.

బాగా అలసినప్పుడు, విరేచనాలైనప్పుడు ఓఆర్‌ఎస్ అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉండాలి. ఈ పాళ్లలోనే దాని బలం ఉంది. కాబట్టి ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపాలని రాసి ఉందో చూసి, మొత్తం ప్యాకెట్‌ను అన్ని నీళ్లలోనే కలపండి. లీటరు ప్యాకెట్‌ను చిన్న సీసాలో కలిపితే ఉప్పు మితిమీరుతుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ అందుబాటులో లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపవచ్చు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా, అదీ సమానంగా గీసిన కొలత.

కొనేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఓఆర్‌ఎస్ అనే పేరు తగిలించుకున్న తీపి పానీయాలు మన మార్కెట్‌లో ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై సుదీర్ఘంగా పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని స్పష్టంగా రాసి ఉన్న ప్యాకెట్‌నే మందుల దుకాణంలో అడిగి తీసుకోండి.

మధుమేహం, రక్తపోటు, గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారికి ఈ కొలతలన్నీ యథాతథంగా వర్తించవు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు వాడేవారు త్వరగా నీరు కోల్పోతారు. కొందరికి వైద్యులే నీటిపై పరిమితి విధించి ఉంటారు. "మక్కా వేడిలో రోజూ నడవాలి, నేను ఎంత తాగాలి, మాత్రలు ఎలా వేసుకోవాలి?" అని ప్రయాణానికి ముందే మీ వైద్యుణ్ణి అడగండి. సొంతంగా మాత్రలు మానకండి.

హిరా గుహకు ఎక్కేవారికి

జబలున్నూర్ ఎక్కి హిరా గుహను చూడాలని ఎందరో ఆశపడతారు. ఇది హజ్, ఉమ్రా విధుల్లో భాగం కాదన్నది మొదట గుర్తుంచుకోవాలి. ఎక్కలేనివారి ఆరాధనలో ఏ లోటూ ఉండదు. వెళ్లదలచినవారు ఫజ్ర్ నమాజు తరువాత వెంటనే బయలుదేరి ఎండ ముదరకముందే దిగిరావాలి. నిటారైన మెట్ల దారి. మామూలు మనిషికే గంటకు పైగా పట్టవచ్చు. మనిషికి కనీసం లీటరు నీళ్లు, కొన్ని ఖర్జూరాలు వెంట ఉండాలి. సగం నీళ్లు దిగేటప్పటికి మిగలాలి. సగం దారిలోనే సగానికి పైగా తాగేస్తే వెనక్కి తిరగడమే వివేకం.

ఆ గుహలో ఏకాంత ధ్యానానికి వెళ్లేటప్పుడు దైవప్రవక్త (స) సైతం ఆహార సామగ్రి వెంట తీసుకువెళ్లేవారు. అది అయిపోయాక హజ్రత్ ఖదీజా (రజి) వద్దకు వచ్చి మళ్లీ తీసుకువెళ్లేవారు. యమన్ నుండి కొందరు "మేము అల్లాహ్‌నే నమ్ముకున్నాం" అంటూ ఏ సామగ్రీ లేకుండా హజ్‌కు వచ్చి, ఆపై ప్రజలను యాచించేవారనీ, ప్రయాణ సామగ్రిని వెంట తీసుకోవాలన్న దివ్యఖుర్ఆన్ ఆదేశం ఆ సందర్భంలోనే అవతరించిందనీ హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. నీటి సీసా మరచిపోవడం తవక్కుల్ కాదు.

నీడ కూడా నీళ్లలాంటిదే

నీడలో ఉన్న మనిషికి తక్కువ నీరు చాలు. ఇహ్రామ్‌లో ఉన్న పురుషుడు తల కప్పుకోరాదు గాని గొడుగు పట్టుకోవచ్చు. వీడ్కోలు హజ్‌లో దైవప్రవక్త (స) జమరాపై కంకర విసురుతున్నప్పుడు ఎండ తగలకుండా ఒక సహచరుడు ఆయనకు బట్టతో నీడ పట్టారని హదీసులో ఉంది. తలపై, మెడపై నీళ్లు చల్లుకోవడం, సువాసన లేని నీటితో స్నానం చేయడం ఇహ్రామ్‌లోనూ అనుమతించబడినవే.

అరఫా దినపు ఉపవాసం ఇళ్లలో ఉన్నవారికి గొప్ప పుణ్యం. అరఫాత్‌లో నిలిచిన హాజీల విషయం వేరు. ఆ రోజు దైవప్రవక్త (స) ఉపవాసం ఉన్నారా లేదా అని జనం సందేహిస్తుండగా, హజ్రత్ అబ్బాస్ (రజి) సతీమణి ఉమ్ముల్ ఫజ్ల్ (రజి) ఒక పాత్రలో పాలు పంపారు. ఒంటెపై ఉన్న ఆయన అందరూ చూస్తుండగా ఆ పాలు తాగారు. ఆరాధనపై ఉత్సాహంతో హాజీలు తమను తాము కష్టపెట్టుకోకూడదని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆచరణ ఏముంటుంది?

ప్రమాద సూచనలు

పిక్కలు పట్టేయడం, తలనొప్పి, వికారం, విపరీతమైన నీరసం మొదటి గుర్తులు. వెంటనే నడక ఆపి, నీడలో పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తులో ఉంచి, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించాలి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. ఆలస్యం చేయరాదు. సౌదీలో 997కు, మన దేశంలో 108కి ఫోన్ చేసి, సహాయం వచ్చేలోగా ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టాలి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్రలు దీనికి పనిచేయవు.

ప్రయాణానికి రెండు వారాల ముందు నుండే రోజూ సాయంత్రం ఎండ తగ్గుముఖం పట్టే వేళ నడవడం మొదలుపెట్టి, క్రమంగా సమయం పెంచండి. శరీరం వేడికి అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ నడకలోనే సీసా వెంట ఉంచుకొని 20 నిమిషాలకోసారి తాగడం సాధన చేస్తే, అక్కడ ఎవరూ గుర్తుచేయనక్కరలేదు.

చివరిగా ఒక మాట. హాజీలకు నీళ్లు అందించే బాధ్యత హజ్రత్ అబ్బాస్ (రజి) గారిది. ఆ సేవ కోసం మినాలో గడపవలసిన రాత్రులు మక్కాలో గడపడానికి ఆయన అనుమతి కోరితే దైవప్రవక్త (స) అనుమతించారు. ఖలీఫా హారూన్ రషీద్ సతీమణి జుబైదా కాలువ తవ్వించి మక్కాకు నీరు రప్పించింది. నీళ్లు అందించడం మన సంప్రదాయంలో అంతటి గౌరవం పొందిన సేవ. హజ్‌కు వెళ్లే భాగ్యం ఈ ఏడు మనకు దక్కకపోవచ్చు. మన వీధిలో ఎండలో బండి తోసే మనిషి మాత్రం రేపు మధ్యాహ్నం మన గడప ముందు నుండే వెళతాడు. మస్జిద్ ముందు ఒక చలివేంద్రం, ఇంటి ముందు ఒక కుండ, పక్కన కాస్త మజ్జిగ పెట్టడం మన చేతిలోని పని.

అల్లాహ్ మన హాజీలను ఆరోగ్యంతో తీసుకువెళ్లి, క్షేమంగా ఇంటికి చేర్చుగాక! వారి హజ్‌ను స్వీకరించుగాక! ఆమీన్.